వాగులో నాలుగో రాయి

1997

జూన్ 8, ఆదివారం

రాత్రికి అన్నం ముట్టలేదు. తిన్నది అరగక కాదు.

ఈరోజు నాయన సంవత్సరీకం. పొద్దుటి బస్సుకు పటాన్‌చెరు నుంచి ఊరికి వెళ్ళాను. లింగం అన్న వాకిట్లో టెంటు వేయించాడు. యాట కోశారు. ఊరంతా తిన్నది. చివరి బంతి విస్తళ్ళు ఇంకా ఎత్తనే లేదు, అన్నా తమ్ముడూ మొదలుపెట్టారు.

"భూమి ఇగ పంచుకోవాలె. నాయిన ఉన్నన్ని రోజులు ఊకున్న. నేను పెద్దోణ్ణి, రోడ్డు దిక్కు నాకు," అన్నాడు అన్న.

"రోడ్డు దిక్కు నీకైతె నాకేంది? వాగు దిక్కా? ఆ కంపు నేను మూటగట్టుకోవాల్నా?" అన్నాడు ఎల్లయ్య.

ఎముకలు కొరికిన నోళ్ళతోనే అరుచుకున్నారు. అన్న మూతికి అంటిన కూర కూడా తుడుచుకోలేదు. దండ వేసిన నాయన ఫొటో వెనకే ఉంది.

నేను చిన్నగా ఉన్నప్పుడు కాదు, మొన్నమొన్నటి దాకా వీళ్ళిద్దరూ ఆ వాగు దిక్కు కోసమే కొట్టుకున్నారు. అప్పుడు వాగు ఒడ్డు మడి అంటే బంగారం. ఏటా రెండు పంటలు వరి. రోడ్డు దిక్కు మొరం నేల, జొన్న తప్ప ఏదీ మొలవదు, ఎవరికీ వద్దు. వాగు ఎగువన ఫ్యాక్టరీలు వచ్చాయి. వాగు ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. మడిలో వరి మొలక మొలకగానే మాడిపోయింది. ఇప్పుడు ముత్తంగి వాళ్ళెవరో గోదాం కోసం రోడ్డు పక్క జాగా అడుగుతున్నారట. అందుకని మొరం నేల బంగారమైంది.

తల దించుకుని కూర్చున్నాను. నాకేం? నర్సు నౌకరీ ఉంది, కిరాయి గది ఉంది. ముప్పై ఆరేళ్ళు భూమి లేకుండానే బతికాను.

జూన్ 11

వాగు దిక్కు ఎవరికీ వద్దట. పెద్దమనుషులు కూర్చుని కూర్చుని లేచిపోయారట.

జూన్ 15, ఆదివారం

ఇద్దరూ కలిసి నా గదికి వచ్చారు. ఇద్దరూ కలిసి రావడం ఇదే మొదలు. మామిడిపండ్ల సంచి తెచ్చారు.

"చెల్లె, నువ్వు లగ్గం చేసుకోకపోతివి," అన్నాడు అన్న. "ఇప్పుడు సర్కారు కానూను గూడ ఆడబిడ్డకు పాలు ఉన్నదంటున్నది. కానూను లేకున్న మేం నీకు అన్యాయం చేస్తమా? వాగు దిక్కు ఎకరంన్నర నీకు. మీదికెల్లి మిగిలింది మేమిద్దరం చెరిసగం."

"నాయిన పానమంత ఆ మడిలనే ఉండె అక్కా. అందుకే నీకు ఇస్తున్నం," అన్నాడు ఎల్లయ్య. వాడి కళ్ళల్లో నిజంగానే నీళ్ళు. చేతిలో సగం తిన్న మామిడిపండు, రసం మోచేతి దాకా కారుతోంది. ఏడుస్తూనే నాకాడు.

నవ్వాలో, కొట్టాలో తెలియలేదు. "సోంచాయించి చెప్త," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక గదిని ఫినాయిలు పోసి కడిగాను. మామిడి టెంకలే కదా, ఎందుకంత కడిగానో.

భూమి నాకెందుకు?

జూన్ 19

కర్దనూర్‌లో పిల్లలకు టీకాలు. తిరిగి వస్తూ దారిలోనే కదా అని వాగు దిక్కు వెళ్ళాను.

దారిలో కాదు. చాలా చుట్టు.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు కదలడం లేదు, కదిలినట్టు కనిపించేది నురుగు. మురికి దూది మూటల్లా పేరుకుంది. కుళ్ళిన గుడ్ల వాసనా, స్పిరిటు వాసనా కలిసి గొంతులో దిగుతాయి, దగ్గినా పోవు. ఎండ్రకాయ ఒకటి వెల్లకిలా పడి ఉంది. మడుల్లో మట్టి మీద తెల్లగా పెచ్చు కట్టింది. నాయన ఇక్కడే బురద పిసికి ముద్ద చేసి, "సూడు బిడ్డా, వెన్న," అని నా చేతిలో పెట్టేవాడు.

కాసేపే నిలబడ్డాను.

జూన్ 20

ఒప్పుకున్నాను. కాదంటే వాళ్ళు తలలు పగలగొట్టుకుంటారు. ఇంట్లో శాంతి కోసమే.

జూలై 8, మంగళవారం

ఈరోజు కొలత. సెలవు పెట్టి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మండలాఫీసు సర్వేయరు సూర్యారావు గారు స్కూటరు మీద వచ్చారు. స్కూటరు దిగకముందే ముక్కుకు రుమాలు కట్టుకున్నారు, రుమాలుకు అమృతాంజనం రాసుకున్నారు. మంచి ఉపాయం. ఆయన వెంట గొలుసు పట్టేవాళ్ళిద్దరు. మూడు ఊళ్ళ హద్దులు కలిసేచోట ఉన్న పాత రాయి నుంచి గొలుసు లాగడం మొదలుపెట్టారు. నా ఎకరంన్నరకు నాలుగు మూలలు, నాలుగు రాళ్ళు. సున్నం పూసిన ఆ రాళ్ళను పెద్దరాములు ఒక్కొక్కటే భుజం మీద మోసుకొచ్చాడు. రాములన్న నాయన దగ్గర చాలా ఏళ్ళు జీతం చేశాడు. ఈ మడిలో నాయన కన్నా ఎక్కువ వంగినవాడు అతనే.

పైన రెండు రాళ్ళు పాతారు. అవి నాకూ అన్నదమ్ములకూ మధ్య. మూడోది కింద, పక్క చేను సంగప్ప గెట్టు మీద. నాలుగోదాని కోసం లాగితే గొలుసు వాగులోకి వెళ్ళింది.

"ఇదేంది సార్, నీళ్లల్లకు పోతున్నది?" అన్నాడు ఎల్లయ్య.

"వాగు మలుపు తిరిగి మీ పట్టాలోకి కోసుకొచ్చిందయ్యా. నక్షా ప్రకారం మూల అక్కడే. ఆ నురుగుంది చూడు, దాని పక్కన."

"ఒడ్డు మీద పాతితె ఏమైతది సార్?" అని నేను అడిగాను.

అన్న ఒప్పుకోలేదు. "గట్లెట్ల చెల్లె? ఒడ్డు మీద పాతితె నీ జాగ తక్కువ పడుతది. రేపు పైకి జరిపి కొలువుమంటవు. నీది నీకు పూర్తిగ ఇయ్యాలె. ఒక్క గుంట జాగ గూడ మాకొద్దు."

ఆ కంపులో ఒక్క గుంట కూడా తగ్గకుండా నాకే ఇవ్వాలని అంత పట్టుదల.

ఎవరు దిగుతారు? అందరూ ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. అప్పుడు అన్న, "రాములూ," అన్నాడు.

రాములన్న భుజం మీది రాయి దించలేదు. "పటేలా, ఆ నీళ్లల్ల దిగుతె మంట లేస్తది. మా బర్రె దిగి పొదుగంత పుండ్లయినయి."

"రెండు నిమిషాల పని. కల్లు తాపిస్తగాని దిగు."

నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. గట్టిగా మాత్రం అనలేదు.

అతను ధోవతి ఎగగట్టి దిగాడు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. కింద బురద కాదు, ఏదో జిగురు. రాయి నిలబడదు, వంగిపోతుంది. కాలితో తొక్కి తొక్కి కూరాడు. ఒడ్డున మేమందరం ముక్కులు మూసుకుని, "ఎడమకు, ఇంకొంచెం ఎడమకు," అని చెబుతున్నాం. ఎక్కి వచ్చాక అతని కాళ్ళు నూనె పూసినట్టు మెరిశాయి. కాసేపటికి కాలినట్టు ఎర్రబడ్డాయి. నా సీసాలో తాగే నీళ్ళున్నాయి, పోశాను. సగం సీసా ఎంత కాలు కడుగుతుంది?

సూర్యారావు గారు ఒడ్డు మీద ఇంకోటి గమనించారు. ఎండిన మడుల మీదుగా పెద్ద టైర్ల జాడలు, లోతుగా దిగబడి, నీళ్ళ అంచు దాకా వచ్చి ఆగాయి. అక్కడ మట్టి నల్లగా కాలిపోయినట్టుంది.

"ఇక్కడికి లారీ ఎందుకొస్తుందయ్యా?"

"ఇసుక కోసం వస్తరు సార్," అన్నాడు అన్న.

ఆ నల్లటి జిగురులో ఇసుక! ఎల్లయ్య ఆకాశం చూశాడు. అన్న మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

కొలత కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను.

జూలై 9

ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల వాసన పోలేదు. నేను ఆ నీళ్ళను ముట్టుకోనేలేదు కదా.

జూలై 21, సోమవారం

నేను పనిచేసే ఆరోగ్య సబ్‌సెంటరుకు రాములన్నను భార్య ముత్యమ్మ తీసుకొచ్చింది. తీసుకురావడమేమిటి, దాదాపు మోసుకొచ్చింది. మోకాళ్ళ నుంచి పాదాల దాకా తోలు పెచ్చులుగా లేచింది. మధ్య మధ్య పచ్చి పుండ్లు, చీము. ఇన్నేళ్ళ నౌకరీలో ఎన్నో చూశాను. వీటిని చూస్తే మాత్రం బయటికి వెళ్ళి రావలసి వచ్చింది.

కడిగి కట్టు కట్టాను. సంగారెడ్డి పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను.

ముత్యమ్మ నా చేతులకేసి చూస్తూ అన్నది, "రాయి వాగుల పాతలే నర్సమ్మా. నా మొగని కాళ్లల్ల పాతిండ్రు."

"ఊకోయే. నర్సమ్మ ఏం జేసింది?" అన్నాడు రాములన్న.

"ఏం జేసిందని నేనూ అడుగుతున్న."

ఆమె నన్ను తిట్టలేదు. నిజంగానే అడిగింది. నేను దూదిని చుట్ట చుడుతూ కూర్చున్నాను.

ఆగస్టు 3, ఆదివారం

రాళ్ళు ఉన్నాయో లేదో చూద్దామని వెళ్ళాను. ఉన్నాయి.

పట్టపగలు టాంకరు వచ్చింది. మడుల మీద టైర్ల జాడలోనే వెనక్కి వెనక్కి వచ్చి, వాగు అంచున ఆగి, గొట్టం వదిలింది. గోధుమ రంగు నీళ్ళు పొగలు కక్కుతూ పడ్డాయి. కిందున్న నురుగు పొంగింది. కళ్ళు మండి నీళ్ళు కారాయి. డ్రైవరు ఎక్కడి మనిషో, బిహారీలా ఉన్నాడు, బీడీ తాగుతూ నిలబడ్డాడు.

"ఎవరు చెప్పిండ్రు ఇక్కడ పొయ్యమని?" అని అరిచాను.

"లింగం సాబ్‌కా రాస్తా హై, మేడం," అన్నాడు మర్యాదగా. మా అన్న దారట.

గదికి వచ్చేశాను. అన్నం వండుకోలేదు.

అన్నను అడగాలి. అడుగుతాను.

ఆగస్టు 10

ఊరికి వెళ్ళాను. అడగలేదు. ఇందిరమ్మ వదిన పుట్టింటివాళ్ళు ఉన్నారు, వాళ్ళ ముందు బాగుండదు.

ఆగస్టు 17

అడగలేదు.

ఆగస్టు 24

ఈరోజు ఎవరూ లేరు. వదిన చాయ పెట్టింది. అన్న మంచి మాటలే మాట్లాడాడు. తాగి వచ్చాను. వాళ్ళింటి చాయలో కూడా ఆ వాసనే వచ్చింది. మింగాను.

సెప్టెంబరు 14, ఆదివారం

వాగు ఒడ్డున పాడైన భూములకు నష్టపరిహారం ఇస్తారని ఊళ్ళో పుకారు. కోర్టు చెప్పిందంటారు ఒకరు, మండలాఫీసులో జాబితా రాస్తున్నారంటారు ఇంకొకరు.

మధ్యాహ్నం అన్న సీతాఫలాల బుట్టతో వచ్చాడు. పుకారు నిజమే అయి ఉంటుంది.

"చెల్లె, ఆనాడు జల్దీ జల్దీల కొలత తప్పు పోయింది," అన్నాడు. "పై రాళ్లు ఇంక కిందికి ఉండాలె. మా జాగ వాగు దాక వస్తదని మొగులయ్య పట్వారి అప్పట్ల నాయినతోని అన్నడట."

"ఆ కంపు నీకెందుకన్నా?"

"కంపు ఏమున్నది చెల్లె? అలవాటైతె ఏం తెల్వది." పండు విప్పి గింజలు నా గుమ్మం ముందే ఉమ్మాడు. "అసలు నీ పేరు మీద ఉంటె ఆఫీసుల చుట్టు తిరుగుడు నీకే పరేషాన్. ఆడమనిషివి. నా పేరు మీదికి చేసెయ్. నేను సూస్కుంట."

టాంకరు మాట గొంతు దాకా వచ్చింది. "సోంచాయించి చెప్త," అన్నాను మళ్ళీ. నా మాట విని నాకే రోత పుట్టింది.

సెప్టెంబరు 15

ఎల్లయ్య వచ్చాడు. వాడూ సీతాఫలాలే తెచ్చాడు.

"అన్నకు ఇయ్యకు అక్కా. ఇస్తె నాకియ్యి. నాయిన పానమంత ఆ మడిలనే ఉండె."

కళ్ళల్లో నీళ్ళు ఈసారి కూడా.

సెప్టెంబరు 28, ఆదివారం

రాళ్ళకు కాళ్ళొచ్చాయి.

పైనున్న రెండు రాళ్ళూ కిందికి, వాగు దిక్కుకు నడిచాయి. అన్న చేను పక్కది కొంచెం. తమ్ముడి చేను పక్కది ఇంకాస్త ఎక్కువ. పాత గుంతలను పూడ్చే ఓపిక కూడా లేదు ఇద్దరికీ. పెకిలించినచోట ఎర్రమట్టి కుక్క తవ్విపోసినట్టుంది. మొన్న వర్షాకాలం మొదట్లో ఒక్క గుంట వద్దన్నవాళ్ళు, ఇప్పుడు అడుగడుగు చొప్పున ఆ విషంలోకి జరుగుతున్నారు.

ఇంటికెళ్ళి అడిగితే అన్న, "ఎల్లిగాడు జరిపిండు," అన్నాడు. తమ్ముడు, "అన్న జరిపిండు," అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, సగం సగం.

మండలాఫీసులో మళ్ళీ కొలతకు దరఖాస్తు పెడతాను. భూమి కోసం కాదు. ఇది అన్యాయం కాబట్టి.

అక్టోబరు 9

సద్దుల బతుకమ్మ. పూలన్నీ పేర్చి, పాటలన్నీ పాడి, ఆడవాళ్ళు బతుకమ్మలను తీసుకెళ్ళి బోరు కాడ సిమెంటు తొట్టిలో వదిలారు. బర్రెలు నీళ్ళు తాగే తొట్టి. వాగులో వేస్తే పూలు అక్కడికక్కడే మాడిపోతాయట. పొద్దు గూకకముందే ఒక బర్రె వచ్చి తంగేడు పూలు నములుతోంది. ఎవరూ తోలలేదు.

అక్టోబరు 28, మంగళవారం

సూర్యారావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి జనం ఎక్కువ. పరిహారం సంగతి అందరికీ తెలుసు.

ఆయన పై రాళ్ళను చూసి, "ఇవి నేను పెట్టిన చోట లేవు," అన్నారు. "ముందు కింద రాయి చూపించండి. వాగులోది. దాని నుంచి కొలిచి చెబుతా."

వాగులో రాయి లేదు. వానలకు వరద వచ్చి ఒరిగి జిగురులో కూరుకుపోయినట్టుంది. గొలుసు లాగి చోటు చూపించారు. కొత్త రాయి తెచ్చారు.

"రాములూ," అన్నాడు అన్న.

అప్పుడు చూశాను. రాములన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళకు పాత చీర పేలికలు చుట్టుకుని. నడవలేనివాడు ఎందుకొచ్చాడో. పటేలు పిలిస్తే రాకుండా ఉండటం అతనికి తెలియదు. చేతులు నేలకానించి లేవబోతున్నాడు.

"రాములన్న దిగడు," అన్నాను.

ఈసారి గట్టిగానే అన్నాను. వాగు అవతల కూడా వినబడి ఉంటుంది.

"మరెవరు దిగుతరు?" అన్నాడు అన్న.

"ఎవరు నాది నాది అంటున్నరో వాళ్లే దిగుండ్రి."

ఎల్లయ్య ప్యాంటు మడిచాడు. చెప్పులు విడిచి, రాయి ఎత్తుకుని, ముక్కు ఒక పక్కకు తిప్పుకుని దిగాడు. అది చూసి అన్నకు నిమ్మళం లేకపోయింది. తమ్ముడు రాయిని తనకు కావలసినవైపు జరుపుతాడని భయం. బూట్లు విప్పాడు, మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టాడు, అవి ఎవరూ తొక్కకుండా పక్కకు పెట్టాడు, తనూ దిగాడు.

"ఇటు పెట్టురా!"

"సార్ అటు అన్నడు గద!"

రాయి ఇద్దరి మధ్య. ఒకడు లాగితే ఇంకొకడు గుంజాడు. జిగురులో కాళ్ళు ఆనవు. రాయితో సహా ఇద్దరూ పడ్డారు. లేచి, ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. మొహాల నుంచి నల్లగా కారుతోంది. ఒడ్డున జనం మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా తోడబుట్టినవాళ్ళు. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు. ఆ నీళ్ళు మింగుతూ కూడా రాయిని వదలడం లేదు.

రాములన్న ఒక్కడే నవ్వలేదు. "పెద్ద పటేలు నోట్లెకు పోయినట్టున్నది. కక్కమనుండ్రి, కక్కమనుండ్రి," అంటూ డేకుతూ అంచుకు వచ్చి, తలకు చుట్టిన తువ్వాల విప్పి దాని కొస విసిరాడు. అన్న ఆ కొస పట్టుకునే ఒడ్డెక్కాడు. ఎక్కి, రాములన్న పక్కనే కూర్చుని కక్కాడు.

చివరికి ఎల్లయ్యే రాయిని గొలుసు చూపినచోట నిలబెట్టాడు. పట్టుకుని నిలబడే బలం వాడికి లేదు, జరిపే బలం అసలే లేదు. సూర్యారావు గారు అక్కడి నుంచి కొలిచారు. పై రెండు రాళ్ళూ జూలైలో ఉన్నచోటికే తిరిగి వచ్చాయి.

అవి పాతుతున్నంతసేపూ నేను వాటి పక్కనే ఉన్నాను. కుడి కాలు రాయికి ఆనించి. ఎవరూ జరపకుండా. నాలో నేను అదే మాట అనుకున్నాను, భూమి నాకెందుకు అని.

ఇక్కడ రాసుకునేది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధమెందుకు? నాకు కావాలి. జూన్‌లో కర్దనూర్ నుంచి చుట్టు తిరిగి వెళ్ళిన రోజు నుంచీ కావాలి.

సాయంత్రం ఇద్దరూ సబ్‌సెంటరుకు వచ్చారు. కాళ్ళు మండుతున్నాయని. రాములన్నను కూర్చోబెట్టిన బల్ల మీదే కూర్చోబెట్టి, అదే సబ్బుతో కడిగాను.

"తగ్గుతదా చెల్లె?" అన్నాడు అన్న.

"రాములన్నకు ఇంక తగ్గలే."

మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎల్లయ్య బయటికి వెళ్ళాక అడిగాను. రెండు నెలలకు పైగా మింగిన మాట.

"టాంకర్లు బంద్ చేపియ్యి అన్నా."

అతను ఉలిక్కిపడలేదు. "నేను తొవ్వ ఇయ్యకుంటె ఇంకోడు ఇస్తడు. వాగు ఎట్లయిన పాడయ్యింది. మేనేజరు చెప్పిండు, నేను చూపిచ్చిన. నా నౌకరి నాకుండాలె గద."

"ఆ తొవ్వ నా జాగల ఉన్నది."

"అప్పుడే నీదయ్యిందా?"

"నువ్వే ఇచ్చినవు. ఒక్క గుంట తక్కువ గాకుంట."

నవంబరు 4, మంగళవారం

ముత్యమ్మను కూలికి పిలిచాను. "ఏం పని?" అంది. చెప్పాను. కూలి వద్దంది. ఇద్దరం తుమ్మ కంప నరికి ఈడ్చుకొచ్చి, టైర్ల జాడ నా జాగాలోకి దిగేచోట అడ్డంగా వేశాం. చేతులు గీరుకుపోయాయి. పై రాళ్ళ మధ్య నడుమెత్తు కంచె లేచింది.

టాంకరు వచ్చింది. అదే డ్రైవరు. హారను కొట్టాడు. నేను జరగలేదు.

"మేడం, లింగం సాబ్..."

"లింగం సాబ్‌కా నహీ. ఈ రాయి నుంచి ఆ రాయి దాక నాది. మేరా."

నా హిందీ విని నవ్వుకున్నాడు కానీ బండి దిగలేదు. ఎవరో వెళ్ళి చెప్పారు. అన్న స్కూటరు మీద వచ్చాడు, కాళ్ళకు నేను కట్టిన కట్లతోనే.

"నేను పెట్టిన భిక్షం మీద నిలవడి నన్నే ఆపుతవా?"

"భిక్షమైతె నాడు పాలు అని ఎందుకంటివి?"

"కంప తియ్యి చెల్లె. ఊళ్లె ఇజ్జత్ తియ్యకు."

"తియ్య."

అతను దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. ముత్యమ్మ చేతిలో కొడవలి ఉంది, దానితోనే నా పక్కకు వచ్చి నిలబడింది. అన్న ఆమెను చూశాడు. నన్ను చూశాడు. కంప మీద ఉమ్మాడు.

"ఇగ మా గడప తొక్కకు. మాకు చెల్లె లేదు."

టాంకరు వెనక్కి తిరిగింది. నాకు సంతోషం వేసింది. గెలిచానని కాదు. నోరు కడుక్కున్నట్టు ఉంది.

నవంబరు 13

టాంకర్లు ఇప్పుడు వాగు ఎగువన, సంగప్ప చేను అవతల పోస్తున్నాయి. నీళ్ళు అటు నుంచి ఇటే వస్తాయి. నా మూలలో వాగు ఎంత నల్లగా ఉండేదో అంతే నల్లగా ఉంది.

అన్న ఎవరితోనో కబురు పంపాడు, "ఏం సాధించినవు?" అని. సంగప్ప గెట్టు దాకా పోయి టాంకరు నంబరు రాసుకొచ్చాను.

నవంబరు 30

మండలాఫీసుకూ, కాలుష్యం చూసే ఆఫీసుకూ అర్జీలు పెట్టాను. అందులో టాంకరు నంబరు రాశాను. ఎవరు దారి చూపారో కూడా రాశాను. ఆ పేరు రాసేటప్పుడు చేయి ఆగలేదు. అందుకు బాధపడాలేమో. పడటం లేదు.

డిసెంబరు 7

పరిహారం కాగితాలు ఇంకా ఆఫీసులోనే తిరుగుతున్నాయట. ఎల్లయ్య పండ్లు తేకుండా వచ్చాడు. కాళ్ళకు మందు రాయించుకుని, మాట్లాడకుండా పోయాడు.

డిసెంబరు 21, ఆదివారం

రాములన్నకు ఎడమ కాలు కొంచెం నయం. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కుడిది ఎప్పటికి నయమవుతుందో డాక్టరు చెప్పడం లేదు.

కట్టు మార్చడానికి వాళ్ళింటికి వెళ్ళాను. పని అయ్యాక ముత్యమ్మ వెంట నడిచింది. చేతిలో మేక తాడు.

"నర్సమ్మా, టాంకరు రాకపోయేసరికి తొవ్వ మీద గరక మొలిసింది. సూసినవా?"

చూడలేదు. ఇద్దరం వెళ్ళాం. నిజమే. టైర్ల జాడల మధ్య, నల్లబడిన మట్టిని చీల్చుకుని, అక్కడక్కడా సన్నగా పచ్చగా ఉంది. ఈ ఎకరంన్నరలో ఏదైనా మొలవడం చూసి ఎన్నాళ్ళయిందో.

మేక మెడ సాచి తాడు లాగుతోంది.

"ఇడువాల్నా?" అంది ముత్యమ్మ.

ఇడువు అనాలని ఎంత ఉండెనో. వంగి ఒక పోచ తెంపాను. నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన.

"ఇడువకు."

"ఎన్నొద్దుల దాక?"

"తెల్వది ముత్యమ్మా."

ఆమె తాడు చేతికి చుట్టుకుని, కంప పక్క సందులోంచి మేకను పైకి, రోడ్డు దిక్కుకు, లింగం అన్న చేనులోకి తోలింది. అక్కడ గడ్డి మంచిది.

నేను వద్దనలేదు.